స్టిక్కర్ ఊడిన తేనె సీసా

మే నెలలో ఒక ఆదివారం పొద్దున మా చిన్నమ్మ వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టింది. భద్రాచలం గుడి దగ్గర ఏదో కొట్టు బల్ల. దాని మీద ఆరు తేనె సీసాలు, పక్కన ఆరు స్టిక్కర్లు. సీసాల మీద ఉండాల్సినవి బల్ల మీద ఉన్నాయి. ఫొటో కింద ఒకే ముక్క: "ఇదేందిరా చిన్నా?"

నన్నే ఎందుకు అడిగిందంటే, ఆ స్టిక్కర్ చేసింది నేనే.

చిన్నమ్మ వాళ్ల ఊరు చర్ల వైపు. భద్రాచలంలో బస్సెక్కి దుమ్ముగూడెం దాటాక అడవి దగ్గరకొస్తుంది, ఫోన్ సిగ్నల్ దూరమవుతుంది. అక్కడ తొమ్మిది మంది ఆడవాళ్లు ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఎక్కువ మంది కోయవాళ్లు. అడవి తేనె, ఇప్పపువ్వు లడ్డూలు, ఇప్పనూనె, కరక్కాయ పొడి, కుంకుడు పొడి అమ్ముతారు. శ్రీరామనవమికి భద్రాచలంలో జనం ఎంత వస్తారో మీకు తెలుసు కదా, ఆ నాలుగు రోజుల అమ్మకం మీద వీళ్లకి చాలా ఆశ. నేను ఇంజనీరింగ్, అందులోనూ కంప్యూటర్స్ కాబట్టి స్టిక్కర్ పని నా నెత్తిన పడింది. వాళ్ల దృష్టిలో కంప్యూటర్స్ అంటే ప్రింటర్ బాగుచేయడం నుంచి రాకెట్ దాకా అన్నీ వస్తాయి.

రెండు రాత్రులు కూర్చుని డిజైన్ చేశాను. తేనెటీగ, ఆకులు, పసుపు రంగు గ్రేడియెంట్. నిజంగానే బాగుంది. ఖమ్మంలో ప్రింటింగ్ షాపతను ఫైలు చూసి, "పేపర్ మీదనా, ఫిల్మ్ మీదనా?" అని అడిగాడు. నేను, "ఏది తక్కువైతే అది అన్నా" అన్నాను. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఒక్క జవాబే.

పేపర్ అయితే స్టిక్కర్ రెండు రూపాయలు, ఫిల్మ్ అయితే నాలుగున్నర పడుతుంది. 120 సీసాలకి నేను మిగిల్చింది 300 రూపాయలు. తిరిగొచ్చిన సీసాలు 46, ఒక్కోటి 180 రూపాయలు. లెక్క మీరే వేసుకోండి.

"ఊడితే మళ్లీ అంటిస్తే సరిపోదా?" అని నేనూ అడిగాను. కుదరలేదు. ఆ డబ్బాల్లో రెండు రకాల తేనె ఉంది. కొంత పోయిన ఏడాది తీసి దాచింది, కొంత ఈ ఏడాది కొత్తది. రంగులో పెద్ద తేడా లేదు. ఏది ఏ తేదీదో చెప్పేది స్టిక్కర్ ఒక్కటే, అది ఊడిపోయి వేరే సీసా కింద పడి ఉంది. తెలియని తేదీ వేసి అమ్మడానికి చిన్నమ్మ ఒప్పుకోలేదు. తేనె తీసినవాళ్లకి డబ్బు ముందే ఇచ్చేశారు. రాత్రిపూట చెట్టెక్కి, పొగ పెట్టి, ఈగల కాట్లు తిని తెచ్చిన తేనె అది. దాంతో నష్టం మొత్తం ఈ తొమ్మిది మంది మీద పడింది. ఆ 46 సీసాలు వాళ్ల ఇళ్లలోనే పంచుకున్నారు. నాకూ రెండు పంపారు. వద్దని చెప్పే ధైర్యం లేకపోయింది.

తర్వాత రూల్స్ చదివాను. ముందు చదవాల్సింది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లేబులింగ్ నిబంధనలు 2020లో వచ్చాయి. పేరు, పదార్థాలు, బరువు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, 14 అంకెల లైసెన్సు నంబరు, ఆకుపచ్చ చుక్క వగైరా ఉండాలని మనందరికీ కొంచెం తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. లేబుల్ డబ్బా నుంచి విడిపోకుండా అంటించాలి, దాని మీది అక్షరాలు చెరిగిపోకూడదు అని కూడా ఆ నిబంధనల్లో ఉంది. అంటే జిగురు కూడా చట్టంలో భాగమే! నేను ఫాంట్ గురించి రెండు రాత్రులు ఆలోచించాను, జిగురు గురించి రెండు నిమిషాలు కూడా ఆలోచించలేదు.

ఇంతకీ స్టిక్కర్ అంటే ఏంటి? చూడటానికి ఒక కాగితం ముక్క. లోపల పొరలున్నాయి. పైన అచ్చు వేసే పొర, ఇది కాగితం కావచ్చు, ప్లాస్టిక్ ఫిల్మ్ కావచ్చు. దాని కింద జిగురు, సుమారు 20 మైక్రాన్ల మందం, అంటే మన వెంట్రుకలో మూడో వంతు. అన్నిటికంటే కింద మనం ఒలిచి పారేసే నున్నటి కాగితం. దానికి సిలికాన్ పూత ఉంటుంది కాబట్టే జిగురు దానికి గట్టిగా పట్టుకోదు. కొన్నిటికి అచ్చు మీద పారదర్శకమైన లామినేషన్ ఇంకో పొర. ఒలిచి అంటించే ఈ స్టిక్కర్ని 1935లో లాస్ ఏంజెలెస్‌లో స్టాంటన్ ఏవరీ అనే ఆయన వ్యాపారంగా మొదలుపెట్టాడు. కాబోయే భార్య దగ్గర వంద డాలర్లు అప్పు తీసుకుని, వాషింగ్ మెషీన్ మోటారు, కుట్టుమిషన్ భాగాలు కలిపి యంత్రం తయారుచేశాడు. ఆయన మొదట అమ్మింది ధర అంటించే స్టిక్కర్లు. వాటి గొప్పతనం అంటుకోవడంలో లేదు, మరక మిగలకుండా ఊడిరావడంలో ఉంది. నేను తొంభై ఏళ్ల తర్వాత అదే ఘనత పొరపాటున సాధించాను.

ఈ జిగురుకి నీళ్లు అక్కర్లేదు, వేడి అక్కర్లేదు. అదిమితే చాలు. ఎలా అంటే, అది పూర్తిగా ద్రవమూ కాదు, పూర్తిగా ఘనమూ కాదు. అరిసెల పాకం గుర్తు తెచ్చుకోండి. లేతగా ఉంటే కారిపోతుంది, ముదిరితే గిన్నెకి అంటదు, పెళుసుగా విరుగుతుంది. మధ్యలో ఒక దశ ఉంటుంది, వేలికి అంటుకుని తీగలా సాగుతుంది. స్టిక్కర్ జిగురు ఎప్పుడూ ఆ దశలోనే ఉండాలి. నెమ్మదిగా అదిమినప్పుడు సీసా మీది కంటికి కనపడని గుంటల్లోకి ద్రవంలా పారాలి, లాగినప్పుడు ఘనంలా ఎదురు తిరగాలి. పాకం లాగే దీనికీ వేడి, చలి పడవు. మరీ వేడైతే లేత పాకం, మరీ చల్లబడితే ముదురు పాకం.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. గోదావరికి అవతలి ఒడ్డున, సారపాకలో, 1979 నుంచి కాగితం మిల్లు నడుస్తోంది, ఇప్పుడది ఐటీసీది. ఇవతల అడవిలో తపసి చెట్టు బంక దొరుకుతుంది. గిరిజన సహకార సంస్థ కొంటుంది. అది విదేశాలకి వెళ్లి, కట్టుడు పళ్లు చిగుళ్లకి పట్టి ఉండటానికి వాడే పొడిలో కూడా కలుస్తుంది. ఒక ఒడ్డున కాగితం, ఇంకో ఒడ్డున బంక. మా స్టిక్కర్ మాత్రం హైదరాబాద్ నుంచి వచ్చిన రోల్ మీద ఖమ్మంలో అచ్చయి, భద్రాచలంలో ఊడింది.

సెలవులకి ఊరెళ్లినప్పుడు తిరిగొచ్చిన సీసాలు, రాని సీసాలు పక్కపక్కన పెట్టి చూశాను. 120లో 46 ఊడాయంటే మిగతావి ఎందుకు ఊడలేదు? ఒకే కాగితం, ఒకే జిగురు, ఒకే ఎండ. డీబగ్గింగ్ చేసేవాళ్లకి తెలుస్తుంది, ఎప్పుడూ తప్పే కోడ్ కంటే అప్పుడప్పుడూ తప్పే కోడ్ ఎక్కువ చిరాకు పెడుతుంది. కారణం చిన్నమ్మే పట్టుకుంది. "పెద్దక్క అంటించినవి ఒక్కటీ ఊడలే" అంది.

పెద్దక్క అంటే గ్రూపులో అందరికంటే వయసులో పెద్దావిడ. ఎలా అంటించావని అడిగితే ఆమెకి ప్రశ్నే అర్థం కాలేదు. "ఎట్లంటిస్తరు, అట్లనే" అంది. అంటించి చూపించమన్నాను. సీసాని పొడి గుడ్డతో తుడిచింది, తర్వాత చీర కొంగుతో మళ్లీ తుడిచింది. స్టిక్కర్ మధ్యలో ముందు ఆనించి, అరచేతి మొదలుతో మధ్యనుంచి అంచులకి గట్టిగా రుద్దింది. అంచుల మీద బొటనవేలు ఇంకోసారి నడిపింది. పైగా ఆమె ఇంటిపని అయ్యాక మధ్యాహ్నం వచ్చి కూర్చుంటుంది. మిగతావాళ్లు పొద్దున్నే, తేనె నింపిన వెంటనే, మూతి దగ్గర కారిన తేనెని తడిగుడ్డతో తుడిచి అంటించేవాళ్లు. ఆ తడి పూర్తిగా ఆరేది కాదు. తడి ఆరినా తేనె పొర మిగిలేది. తేనెకి గాలిలోంచి నీటిని లాక్కునే గుణం ఉంది, దాని మరక ఎప్పటికీ ఎండదు. మా జిగురు సీసాకి అంటుకోలేదు, తేనె పొరకి అంటుకుంది.

ఈ జిగురుని ఇంగ్లీషులో ప్రెషర్ సెన్సిటివ్ అంటారని నేను పుస్తకంలో చదివాను. పెద్దక్క చేతికి అది ముందే తెలుసు.

ఇంకో విషయం టైము. అంటించిన వెంటనే జిగురు పూర్తి బలానికి రాదు, గంటలకొద్దీ మెల్లగా పారుతూ పట్టు పెంచుకుంటుంది. అందుకే లేబుల్ కంపెనీలు పరీక్ష చేసేటప్పుడు 20 నిమిషాల తర్వాత ఒకసారి, 24 గంటల తర్వాత ఒకసారి కొలుస్తాయి. స్టిక్కర్‌ని 180 డిగ్రీలు వెనక్కి మడిచి నిమిషానికి 300 మిల్లీమీటర్ల వేగంతో లాగి, ఎంత బలం పట్టిందో చూస్తాయి. మావాళ్లు అంటించిన గంటకే డబ్బాల్లో సర్ది ఆటోలో పంపేవాళ్లు. ఇప్పుడు పద్ధతి తిరగేశాం. ఖాళీ సీసాకే ముందు స్టిక్కర్, ఒక రోజు ఆగి, ఆ తర్వాత తేనె. కారినా స్టిక్కర్ మీదే కారుతుంది, తుడిస్తే పోతుంది. అలా పోవాలంటే పైన కాగితం ఉండకూడదు కదా, అందుకని తేనెకి ఫిల్మ్‌కి మారాం. బీఓపీపీ అంటారు, చిప్స్ ప్యాకెట్లలో వాడే పాలీప్రొపిలీన్ ఫిల్మ్ లాంటిదే. నీళ్లు తాగదు, ఉబ్బదు, అంచు లేవదు. జిగురు యాక్రిలిక్. మొదట్లో పట్టు కొంచెం తక్కువ అనిపిస్తుంది కానీ ఎండకీ కాలానికీ తట్టుకుంటుంది. షాపుల్లో చవగ్గా దొరికే కాగితం స్టిక్కర్లకి చాలావాటికి రబ్బరు రకం జిగురు ఉంటుంది. చేతికి తగలగానే "అబ్బ, ఎంత గట్టిగా అంటుకుందో" అనిపించేది అదే. కానీ మే నెలలో మన భద్రాచలం, కొత్తగూడెం వైపు 45 డిగ్రీలు దాటడం మామూలే, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. అక్కడ ఆ జిగురు లేత పాకమైపోతుంది.

తేనె వరకు కథ సుఖాంతం. ఇప్పనూనె దగ్గర మళ్లీ బోల్తా పడ్డాను.

తేనె సీసా పెట్ ప్లాస్టిక్, మంచినీళ్ల బాటిల్ లాంటిది. నూనెది తెల్లగా పాలరంగులో ఉండే హెచ్‌డీపీఈ డబ్బా. కొత్త ఫిల్మ్ స్టిక్కర్, యాక్రిలిక్ జిగురు, పెద్దక్క చెయ్యి, ఒక రోజు ఆగడం, అన్నీ పాటించాం. అయినా మూల పట్టుకుని లాగితే టపీమని ఊడొచ్చింది.

దీనికి కారణం సర్ఫేస్ ఎనర్జీ. పేరు చూసి పేజీ తిప్పకండి, చేమాకు చూసినవాళ్లందరికీ తెలిసిన సంగతే. చేమాకు మీద నీళ్లు పోస్తే ముత్యాల్లా దొర్లిపోతాయి, తడి అంటదు. గాజు పలక మీద పోస్తే పరుచుకుంటాయి. ఒక ఉపరితలం తన మీద పడినదాన్ని ఎంత బలంగా లాక్కుంటుందో దాన్నిబట్టి ఈ తేడా వస్తుంది. జిగురు కూడా పరుచుకుంటేనే పట్టుకుంటుంది. ఈ బలాన్ని సెంటీమీటరుకి ఇన్ని డైన్లు అని కొలుస్తారు. పెట్ ప్లాస్టిక్‌ది సుమారు 43, హెచ్‌డీపీఈది సుమారు 31, పాలీప్రొపిలీన్‌ది 30 దగ్గర. వంటింట్లో నాన్‌స్టిక్ పెనం మీది టెఫ్లాన్‌ది 20కి లోపు, అందుకే దోసె కూడా అంటదు. ఇంట్లో పరీక్ష చాలా సులువు. ఖాళీ డబ్బా మీద ఒక నీటి చుక్క వేయండి. పరుచుకుంటే పర్లేదు, గుండ్రంగా నిలబడితే మామూలు స్టిక్కర్‌తో పని జరగదు. ఫ్యాక్టరీల్లో ఇలాంటి డబ్బాల మీద ఒక్క క్షణం మంట ఆడించి, లేదా కరెంటు డిశ్చార్జి తగిలించి ఆ ఉపరితలాన్ని మారుస్తారు. డబ్బాలు కొనేటప్పుడే 'ట్రీట్ చేసినవా?' అని అడగాలి. మనం ఇంట్లో మంట పెట్టే ప్రయోగాలు చేయకూడదు. (చేశాను. డబ్బా ఒక పక్క వంకరపోయింది. చిన్నమ్మ ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.)

ఇలాంటి డబ్బాలకి రబ్బరు జిగురే బాగా పట్టుకుంటుందని చదివి, సరే అది ప్రయత్నిద్దాం అనుకున్నాను. రెండు రోజులు బ్రహ్మాండంగా ఉంది. మూడో రోజు మూత దగ్గర కారిన నూనె స్టిక్కర్ అంచు కిందికి చేరింది. మొత్తం స్టిక్కర్ మెల్లగా కిందికి జారింది, నిద్రొచ్చినవాడి తలలా. మా అమ్మ కొత్త స్టీలు గిన్నె మీది స్టిక్కర్ తీయడానికి కొబ్బరినూనె రాసి పావుగంట వదిలేస్తుంది, గుర్తుందా మీ ఇంట్లో కూడా? రబ్బరు జిగురు నూనెలో మెత్తబడి కరుగుతుంది కాబట్టే ఆ చిట్కా పనిచేస్తుంది. నేను నూనె డబ్బాకి నూనెలో కరిగే జిగురు పెట్టాను.

అంటే ఇక్కడ డబ్బా ఒకటి అడుగుతోంది, లోపలున్న సరుకు ఇంకొకటి అడుగుతోంది, పైనున్న ఎండ మూడోది అడుగుతోంది. అందరినీ మెప్పించే స్టిక్కర్ లేదు. ఇలాంటి చోట డబ్బానే మార్చడం మేలు. నూనెకి పెట్ సీసా లేదా గాజు సీసా తీసుకుంటే సగం సమస్య పోతుంది. కానీ మావాళ్ల దగ్గర ఇప్పటికే కొన్న 200 డబ్బాలున్నాయి, వాటి డబ్బు ఎవరిస్తారు? ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ డబ్బా మెత్తన, నొక్కి నూనె తీస్తారు. నొక్కిన ప్రతిసారీ బిరుసైన స్టిక్కర్ ముడతపడుతుంది. మెత్తటి పాలిథిలీన్ ఫిల్మ్ స్టిక్కర్ అయితే డబ్బాతో పాటు వంగుతుంది. షాంపూ సీసాలకి అలాంటివే ఎక్కువ వాడతారు.

అచ్చు సంగతి కొంచెం చెప్పాలి. గ్రూపుకి ఎవరో చిన్న థర్మల్ ప్రింటర్ ఇచ్చారు, తేదీలు దాంతోనే వేసేవాళ్లు. ఆర్టీసీ బస్సు టికెట్ జేబులో రెండు నెలలు ఉంచి చూడండి, తెల్లకాగితమవుతుంది. అది కూడా ఇదే రకం. సిరా ఉండదు, కాగితంలోనే రసాయనం ఉంటుంది, వేడి తగిలిన చోట నల్లబడుతుంది. ఎండకి, నూనెకి ఆ నలుపు పోతుంది. వేడి ఎక్కువైతే కాగితమంతా మసకబారుతుంది. కొరియర్ పార్సిల్ మీద అంటించడానికి ఇది చాలు, ఎందుకంటే దాని బతుకు వారం రోజులే. ఏడాది నిలవ ఉండే తేనె మీద తేదీకి ఇది పనికిరాదు. రిబ్బన్ నుంచి నలుపుని కాగితం మీదికి దించే ఇంకో రకం ప్రింటర్ ఉంది. రెజిన్ రిబ్బన్ అయితే ఫిల్మ్ మీద గోరుతో గీకినా త్వరగా పోదు. ఇంక్‌జెట్ ప్రింటర్‌తో మామూలు స్టిక్కర్ కాగితం మీద వేసుకునేవాళ్లకి ఒక నమస్కారం. తడి వేలు తగిలితే మీ లోగో హోలీ ఆడుతుంది.

మన పత్రికకి సంబంధించిన విషయం ఒకటి ఇక్కడే ఎదురైంది. నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి. తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు, అంతే. సరే, అదనంగా పెడదామని ఆ చిన్న ప్రింటర్‌తో "స్వచ్ఛమైన అడవి తేనె" అని చిన్న అక్షరాల్లో కొట్టాను. దాని రిజల్యూషన్ అంగుళానికి 203 చుక్కలు, అంటే మిల్లీమీటరుకి ఎనిమిది. రెండు మిల్లీమీటర్ల ఎత్తు అక్షరానికి పదహారు చుక్కలే వస్తాయి. ఇంగ్లీషు 'ఓ'కి అది చాలు. మన 'చ్ఛ'కి పైన అక్షరం, కింద ఒత్తు, దాని కడుపులో చీలిక, అన్నీ ఆ పదహారు చుక్కల్లోనే సర్దుకోవాలి. ఒత్తు నల్లటి ముద్దయింది, తలకట్టు మాయమైంది. చివరికి "స్వచ్ఛమైన" తీసేసి "అడవి తేనె" అని మాత్రం ఉంచాను, అక్షరం నాలుగు మిల్లీమీటర్లు చేశాను. స్కూలు మొత్తం ఇంగ్లీషు మీడియంలో చదివిన నేను ఒక ఒత్తు కోసం ఒక సాయంత్రమంతా కూర్చున్నానంటే మా తెలుగు టీచర్ నమ్మరు.

క్యూఆర్ కోడ్ పెట్టేవాళ్లు అందులో ఎర్రర్ కరెక్షన్ 'హెచ్' లెవెల్ ఎంచుకోండి, సుమారు 30 శాతం చెడినా స్కాన్ అవుతుంది. సన్న సీసా వంపు మీద పెద్ద కోడ్ పెట్టకండి. మెరిసే లామినేషన్ కంటే మ్యాట్ మంచిది, ట్యూబ్‌లైటు వెలుగు అడ్డం రాదు.

సన్న సీసా అన్నాను కాబట్టి ఒక్క మాట. వంపు ఎక్కువయ్యేకొద్దీ స్టిక్కర్ నిటారుగా అవ్వాలని చూస్తుంది, అంచు జెండాలా లేస్తుంది. తేనె సీసాకి అది పెద్ద సమస్య కాదు. కానీ రక్తపరీక్షకి తీసే చిన్న గొట్టాన్ని తలుచుకోండి. అది ఫ్రిజ్‌లోకి వెళ్తుంది, బయటికొస్తే చెమట పడుతుంది. దాని మీద పేరు ఊడిపోతే పోయేది 180 రూపాయలు కాదు, ఒకరి రిపోర్టు ఇంకొకరికి వెళ్తుంది. అందుకే అలాంటివాటికి పలుచటి మెత్తటి ఫిల్మ్, చలిలో ముదరని జిగురు వేరేగా చేస్తారు. లిక్విడ్ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల దగ్గర నిలిచేవి కూడా ఉన్నాయి. చలిలో వాడేవాటికి రెండు వేర్వేరు అంకెలుంటాయని గుర్తుపెట్టుకోండి. ఎంత చలిలో అంటించవచ్చు అనేది ఒకటి, అంటించాక ఎంత చలిలో నిలుస్తుంది అనేది ఇంకొకటి. మామూలు గదిలో అంటించి తర్వాత ఫ్రీజర్‌లో పెడితే నిలిచే స్టిక్కర్, ఫ్రీజర్‌లోంచి తీసిన డబ్బాకి అంటించబోతే అసలు పట్టదు.

కొన్నిటికి స్టిక్కరే వద్దు. అడ్డాకుల విస్తరి కట్టకి అంటించి చూశాం, ఆకు ఎండి ముడుచుకోగానే రాలిపోయింది. కట్ట కట్టిన తాడుకే ఒక అట్టముక్క వేలాడదీస్తే సరిపోయింది. వెదురు బుట్టలకీ అంతే. గుడ్డ సంచిలో అమ్మే కుంకుడు పొడికి సంచి మీదే రబ్బరు స్టాంపు వేస్తున్నారు. పెద్దక్క మనవరాలు వేస్తుంది, కొంచెం వంకరగా పడుతుంది, నాకు నచ్చింది. లడ్డూల డబ్బాకి మాత్రం పాత కాగితం స్టిక్కరే ఉంచేశాం. అట్ట డబ్బా, లోపల కవరు, పదిహేను రోజుల్లో తినేసే సరుకు. దానికి నాలుగున్నర రూపాయల ఫిల్మ్ దండగ. కాగితం చెడ్డదని నేను చెప్పడం లేదు, దాన్ని తేనె దగ్గర పెట్టింది నేను.

ఇప్పుడు ఏ కొత్త స్టిక్కర్ వచ్చినా ముందు శాంపిల్ పది అడుగుతున్నాం. రెండు రేకుల కప్పు కింద, రెండు నీళ్ల బకెట్లో, రెండు ఫ్రిజ్‌లో, రెండు నూనె చేత్తో రోజూ పట్టుకునే చోట. మిగిలిన రెండు ఏమీ చేయకుండా పోల్చి చూడటానికి. నాలుగో రోజు పెద్దక్క మూల పట్టుకుని లాగుతుంది. ఆమె లాగే వేగం నిమిషానికి 300 మిల్లీమీటర్లు కాదు కానీ, ఆమె "ఊ" అంటే ఆర్డర్ ఇస్తాం. వర్షాకాలంలో ఇదంతా ఇంకోసారి చేయాలి. గోదావరి పక్క ఊళ్లలో జులై, ఆగస్టు నెలల్లో గోడలే చెమటలు పడతాయి, 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ఇళ్లలోకే నీళ్లొచ్చాయి. ఎండాకాలంలో పాసైన జిగురు ముసురులో పాసవుతుందని గ్యారంటీ లేదు.

ఇప్పనూనె డబ్బాకి ఇంకా సరైనది కుదరలేదు. ప్రస్తుతానికి మెడకి దారంతో అట్ట కడుతున్నారు, తేదీ దాని మీదే ఉంది. దారం తెగితే మళ్లీ పాత కథే కాబట్టి బ్యాచ్ నంబరు డబ్బా అడుగున పర్మనెంట్ మార్కర్‌తో కూడా రాస్తున్నారు, అది చిన్నమ్మ ఆలోచన. పాలిథిలీన్ ఫిల్మ్‌లో రెండు కొత్త రకాలు మొన్న పంపించాను, ఒకటి నూనెకి తట్టుకునే యాక్రిలిక్. రేకుల కింద పెట్టి మూడు రోజులైంది. రేపు లాగుతారు.